నాలాలోకి ఎంత మన్ను దిగుతోంది?

ఆరున్నర అంగుళాల బోరు వెయ్యి అడుగులు దిగితే ఆరున్నర ఘనపు మీటర్ల రాయి పొడై పైకి వస్తుంది. బరువులో చెప్పాలంటే 17 టన్నులు. హైదరాబాద్‌లో ఏ కాలనీలో బోరుబండి ఆగినా వీధంతా తెల్లటి బురద పారడం అందరం చూసిందే. పని ముగించుకుని బండి వెళ్లిపోతుంది. మిగిలిన పొడి ఎండకు దుమ్మై లేస్తుంది, వాన పడితే రోడ్డు పక్క కాలువలోకి, అక్కడి నుంచి నాలాలోకి జారుతుంది. ఆ పొడిని ఎవరూ తూచరు. అది ఏ లెక్కలోనూ చేరదు.

నాలా పాడైందంటే మనకు ముందు గుర్తొచ్చేది ప్లాస్టిక్ కవర్లు, మురుగు కంపు. మన్ను గుర్తుకు రాదు. మన్ను కూడా కాలుష్యమేనా అని అడిగేవాళ్లూ ఉంటారు. నాలాను నింపేది, దాని లోతు తినేసేది, విషపు లోహాలను మోసుకుపోయేది ఎక్కువగా ఆ మన్నే. చెత్త దానికి అడ్డుకట్టగా నిలబడుతుంది. రెండూ కలిసి ఏం చేస్తాయో అంకెల్లో చూస్తే, మనం ఏటా వేసవిలో చేసే పూడికతీత ఎందుకు చాలడం లేదో అర్థమవుతుంది.

2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ ఏర్పాటు చేసినప్పుడు నగరం 172 చదరపు కిలోమీటర్ల నుంచి 625కు పెరిగింది. ఆ పరిధిలో నాలాల నిడివి సుమారు 1,300 కిలోమీటర్లు. అందులో పెద్ద నాలాలు 390 కిలోమీటర్లు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు హుస్సేన్‌సాగర్‌లో కలుస్తాయి. సాగర్ నిండితే ఆ నీరూ, మిగతా నాలాల నీరూ చివరికి చేరేది మూసీకే. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పైనీటిని ఆపుతాయి కాబట్టి, వాన లేని రోజుల్లో నగరంలో మూసీలో పారేదంతా దాదాపుగా నాలాలు తెచ్చిన నీరే. నాలా ఎలా ఉంటే నది అలా ఉంటుంది.

ఈ నాలాల్లో చాలావాటిని మురుగు కోసం తవ్వలేదు. ఒక చెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరడానికి ఉన్న దారులవి. గొలుసుకట్టు చెరువుల వ్యవస్థలో మన్నుకూ ఒక చోటు ఉండేది. పారే నీరు చెరువులోకి రాగానే నెమ్మదించి మన్ను అడుక్కి దిగేది. ఎండాకాలం చెరువు ఎండితే రైతులు బండ్లు కట్టుకుని ఆ ఒండ్రు తోలుకుపోయి పొలాల్లో చల్లుకునేవారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో కూడా చెరువు మట్టిని పొలాలకు తరలించడం ఒక ముఖ్యమైన భాగం. అంటే చెరువు పూడికను మోసుకుపోవడానికి సిద్ధంగా ఉన్న మనుషులు ఉండేవారు, దానికి విలువ ఉండేది. నగరంలో గొలుసు తెగింది. చాలా చెరువులు కుంచించుకుపోయాయి, దారులు మాత్రం మిగిలాయి. చెరువులో దిగాల్సిన మన్ను ఇప్పుడు నాలాలోనే దిగుతోంది. రసాయనాలు, గాజుపెంకులు, కవర్లు కలిసిన ఆ బురదను ఏ రైతూ పొలానికి తీసుకుపోడు.

రెండు అడుగుల పూడిక ఏం చేస్తుంది?

ముందు వాన లెక్క. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్లు. 625 చదరపు కిలోమీటర్ల మీద గంటలో రెండు సెంటీమీటర్లు సమానంగా పడితే 1,250 కోట్ల లీటర్లు, అంటే 0.44 టీఎంసీ. మన దేశంలో చాలా నగరాల వాననీటి కాలువలు గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానకే కట్టినవని జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లోనే రాసింది. హైదరాబాద్‌లో ఏడాదంతా పడే వాన సుమారు 80 సెంటీమీటర్లు. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు పడింది. 2020 అక్టోబరు 13న 19 సెంటీమీటర్లు దాటింది. అలాంటి రోజున ఏ నాలా అయినా పొంగుతుంది, దాన్ని పూడిక మీదకు నెట్టలేం. మనం అడగాల్సింది మామూలు వాన గురించి. గంటకు ఒకటిన్నర సెంటీమీటర్ల వానకే బేగంపేటలోనో మలక్‌పేటలోనో మోకాళ్ల లోతు నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయి?

మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతున్న నాలా తీసుకుందాం. అందులో 60 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల పూడిక చేరిందనుకుందాం. చోటు 6 చదరపు మీటర్ల నుంచి 4.2కు తగ్గింది, 30 శాతం పోయింది. కానీ నీటిని మోసే శక్తి 30 శాతంతో ఆగదు. నీరు గోడలకూ అడుగుకూ రాసుకుంటూ పారుతుంది కాబట్టి, లోతు తగ్గినకొద్దీ ఆ రాపిడి వాటా పెరుగుతుంది. ఇంజినీర్లు వాడే మ్యానింగ్ సూత్రంతో లెక్క కడితే మోసే శక్తి 37 శాతం పడిపోతుంది. ఇది అడుగు నున్నటి కాంక్రీటుగానే ఉందనుకుంటే. పూడిక మీద రాళ్లు, టైర్లు, బట్టలు, పరుపులు పడి అడుగంతా గరుకైతే ఉన్న శక్తి ఇంకా సగానికి సగం పడిపోవచ్చు. అప్పుడు గంటకు 20 మిల్లీమీటర్ల వానకు కట్టిన నాలా 7 మిల్లీమీటర్లకే చేతులెత్తేస్తుంది. నాలా వెడల్పు కాగితం మీద అంతే ఉంటుంది, పటంలో గీత కూడా అంతే ఉంటుంది.

పూడిక పూడికను పిలుస్తుంది. నీరు సెకనుకు కనీసం 60 సెంటీమీటర్ల వేగంతో పారితే మన్ను అడుక్కి చేరకుండా కొట్టుకుపోతుందన్నది కాలువల నిర్మాణంలో వాడే ఒక కొలత. పై ఉదాహరణలో నాలా నిండుగా పారినా వేగం పదకొండు శాతం తగ్గింది. ఇక వానలు లేని ఎనిమిది నెలలూ నాలాలో పారేది పలచటి మురుగు ధార. దాని వేగం 60 సెంటీమీటర్లకు చాలా తక్కువ. ఆ నెలల్లో వచ్చి పడిన ప్రతి తట్టెడు మన్నూ పడినచోటే కూర్చుంటుంది, మురుగులోని జిడ్డుతో కలిసి గట్టిపడుతుంది. జూన్‌లో తొలివాన వచ్చేసరికి నాలా సగం నిండే ఉంటుంది.

పావుకిలో కవర్లు

చెత్త విషయంలో టన్నుల లెక్క మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కిరాణా కొట్లో ఇచ్చే 20 మైక్రాన్ల పలచటి కవరు, అడుగు వెడల్పు, అడుగున్నర లోపు పొడవున్నది, నాలుగున్నర గ్రాములు తూగుతుంది. కిలోకు 220కి పైగా కవర్లు. వాటిని పక్కపక్కన పరిస్తే 27 చదరపు మీటర్లు కప్పేస్తాయి. మనం చెప్పుకున్న నాలా కల్వర్టు కిందికి దూరేచోట దాని నోరు ఆరు చదరపు మీటర్లు. పావుకిలో కవర్లు వరదలో వచ్చి అక్కడి కేబుళ్లకో, పైపులకో, కొమ్మలకో చిక్కుకుంటే ఆ నోరు మూయడానికి చాలు.

నగరంలో రోజుకు 7 వేల టన్నులకు పైగా చెత్త పోగవుతుంది. అందులో 99.99 శాతం సక్రమంగా జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరిందనుకుందాం. ఇంతటి సామర్థ్యం ఉంటే ఏ నగరమైనా గర్వపడాలి. అయినా మిగిలేది 700 కిలోలు. అందులో పదోవంతే కవర్లనుకున్నా 70 కిలోలు. ఒక్క రోజులో 280 కల్వర్టుల నోళ్లు మూయడానికి సరిపడా. అందుకే చెత్త సేకరణ శాతాలు ఎంత మెరుగ్గా కనిపించినా నాలా పరిస్థితిలో తేడా తెలియదు. 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా 120 మైక్రాన్ల కంటే పలచటి క్యారీ బ్యాగులు నిషేధం. అదే కొలతల్లో 120 మైక్రాన్ల సంచి 26 గ్రాములు తూగుతుంది, కాబట్టి ఖరీదుంటుంది, మనిషి దాన్ని పారేయకుండా మళ్లీ వాడతాడన్నది ఆ నిబంధన ఆశ. పలచటి కవర్లు ఇంకా కూరగాయల బండి నుంచి మటన్ కొట్టు దాకా చేతులు మారుతూనే ఉన్నాయి. నాలా మీది వంతెనలకు ఇనుప జాలీలు కట్టారు. జాలీకి ఇవతల నుంచి కవరు విసరడం మాత్రం ఆగలేదు. చెత్తబండి తెల్లవారుజామునే వచ్చి వెళ్లిపోయే వీధిలో, రాత్రి షిఫ్టు చేసి ఆలస్యంగా లేచే కుటుంబం ఏం చేస్తుందో కూడా ఆలోచించాలి. తిట్టినంత మాత్రాన ఆ కవరు నాలాలో పడకుండా ఆగదు.

మిల్లీమీటరు మన్ను

మన్ను ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న. పెద్ద వానచినుకు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో నేలను కొడుతుంది. గడ్డి, చెట్టు, రాలిన ఆకు ఉంటే ఆ దెబ్బ వాటికి తగులుతుంది. తవ్విపోసిన నేల మీద నేరుగా మన్నుకే తగిలి రేణువులను లేపుతుంది. పారే నీరు వాటిని ఎత్తుకుపోతుంది. నిర్మాణ స్థలాల నుంచి కొట్టుకుపోయే మన్ను సాగు భూముల కంటే 10 నుంచి 20 రెట్లు, అడవి నేలల కంటే వెయ్యి నుంచి రెండు వేల రెట్లు ఎక్కువగా ఉంటుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా.

మన దగ్గర ఎకరం స్థలంలో సెల్లార్ కోసం తవ్వకం మొదలైందనుకోండి. ఒక వానకు పైపైన ఒక్క మిల్లీమీటరు మన్ను లేచిపోయిందనుకోండి. కంటికి తెలియదు. కానీ అది నాలుగు ఘనపు మీటర్లు, అయిదు టన్నుల పైమాటే. ఒక చిన్న టిప్పర్ నిండుతుంది. ఏ టిప్పరూ రాకుండానే, ఏ రసీదూ లేకుండానే ఆ లోడు నాలాలో దిగిపోయింది. వానాకాలమంతా తెరిచి ఉన్న ఎకరం ఎన్ని లోడ్లు పంపుతుందో ఊహించుకోవచ్చు. మణికొండ, నార్సింగి, కోకాపేట, బాచుపల్లి వైపు ఒక్కో రోడ్డులోనే తెరిచిన ఎకరాలు ఎన్నో. సెల్లార్ గుంతలో ఊరిన నీటిని మోటారు పెట్టి రోడ్డు మీదికి వదలడం ఇంకో దారి. ఆ నీరు ఎర్రగానో పాలలాగానో ఉంటే అది మన్ను పోతున్నట్టే. దుమ్ము లేవకుండా గ్రీన్ నెట్ కట్టిన చోట కూడా నేలమట్టాన నీరు బయటికి పోయేచోట ఏ అడ్డూ కనిపించదు.

రెండో మూలం నాలా గట్లే. మన్ను నేల మీద అయిదు సెంటీమీటర్ల వాన పడితే ఎకరం నుంచి పారే నీరు సుమారు 50 వేల లీటర్లు, మిగతాది ఇంకిపోతుంది. అదే ఎకరాన్ని స్లాబులు, సీసీ రోడ్లు, పార్కింగ్ టైల్స్‌తో కప్పేస్తే 1,80,000 లీటర్లు పారుతుంది. మూడున్నర రెట్లు. అంత నీరు ఒక్కసారిగా, త్వరగా వచ్చి పడుతుంది. నీటి వేగం రెట్టింపైతే గట్టును కోసే బలం నాలుగింతలవుతుంది. ఒకచోట గట్టు తెగితే అక్కడ కాంక్రీటు రిటైనింగ్ వాల్ కడతారు. నున్నటి గోడల మధ్య నీరు మరింత వేగం అందుకుని, గోడ ఆగిన చోట కింది గట్టును తింటుంది. 2020 వరదల తర్వాత వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం కింద సుమారు 985 కోట్ల రూపాయలతో నాలాల వెడల్పు, బాక్స్ డ్రెయిన్లు, గోడల పనులు చేపట్టారు. వెడల్పు అవసరమే, నేను కాదనను. అయితే వెడల్పు చేసిన నాలాలోకి అదే మన్ను అదే జోరుతో వస్తుంటే, మామూలు రోజుల్లో ధార ఇంకా పలచబడి, నెమ్మదించి, పూడిక ఇంకా త్వరగా పేరుకుంటుంది.

మన్ను ఊరికే రాదు. ఇసుక రేణువు మీటరు లోతు దిగడానికి నిమిషం లోపే పడుతుంది. అందులో పదోవంతు పరిమాణమున్న ఒండ్రు రేణువుకు ముప్పావుగంట. ఇంకా పదోవంతైన బంకమన్నుకు నిలకడ నీటిలో మూడు రోజులు. ఘనపు సెంటీమీటరు రాయిని ఆ బంకమన్ను పరిమాణానికి పొడి చేస్తే దాని ఉపరితలం ఆరు చదరపు సెంటీమీటర్ల నుంచి మూడు చదరపు మీటర్లకు పెరుగుతుంది. రోడ్ల మీది టైర్ల అరుగుదల, బ్రేకుల పొడి, ఫ్యాక్టరీల లోహాలు, మురుగులోని భాస్వరం అంటుకునేది ఆ ఉపరితలానికే. ఇసుక నాలాలో ఆగితే, బంకమన్ను తన బరువుతో పాటు ఈ సరుకంతా మోసుకుంటూ మూసీ దాకా పోతుంది. నీటిలో సేంద్రియ కాలుష్యాన్ని చెప్పే బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటిన నదులను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అత్యంత కలుషితమైన మొదటి వర్గంలో పెడుతుంది. మూసీ ఆ వర్గంలో ఉంది. స్నానానికి పనికిరావాలంటే బీఓడీ మూడుకు మించకూడదు. నగరం దిగువన బునాదిగాని, పిల్లాయిపల్లి, ధర్మారెడ్డి కాలువలు ఆ నీటితోనే యాదాద్రి, నల్లగొండ జిల్లాల పొలాలు తడుపుతున్నాయి. అక్కడి రైతులకు వేరే నీళ్లు లేవు. మన వీధిలోని బోరు పొడి, సెల్లార్ మన్ను వాళ్ల మళ్లలో దిగుతోంది.

తీసిన లెక్క, వచ్చే లెక్క

ఏటా ఏప్రిల్, మే నెలల్లో పత్రికల్లో కనిపించే లెక్క ఒకటే: ఇన్ని ఘనపు మీటర్ల పూడిక తీశాం, ఇన్ని కోట్లు ఖర్చయింది. ఆ పని ఎంత పెద్దదో తెలియాలంటే, 390 కిలోమీటర్ల పెద్ద నాలాల సగటు వెడల్పు అయిదు మీటర్లనీ, పూడిక కేవలం అడుగనీ అనుకుని చూడండి. 5,85,000 ఘనపు మీటర్లు. ఆరు ఘనపు మీటర్ల టిప్పర్లు 97,500 సార్లు తిరగాలి. మేలో నెల రోజుల్లో ముగించాలంటే రోజుకు 3,000కు పైగా ట్రిప్పులు. నగరం రోడ్ల మీద, పగలు లారీలకు ఆంక్షలున్న చోట, ఇది ఊహకందని సంఖ్య. అందుకే తీసిన బురదలో కొంత గట్టు మీదే ఆరబోస్తారు. తడి బురద ఘనపు మీటరు 1.8 టన్నులు తూగితే, నీరు పూర్తిగా ఆరాక 1.3 టన్నులే. ఆరనివ్వడం సబబే. కానీ ఆరేలోపు రుతుపవనం వస్తే గట్టు మీది కుప్ప తొలివానకే తిరిగి నాలాలోకి జారుతుంది. తీసిన ఘనపు మీటర్లు మాత్రం లెక్కలో తీసినట్టే ఉంటాయి.

ఆ బురద ఎత్తేది ఎవరో కూడా చెప్పుకోవాలి. జేసీబీ దూరని సందు నాలాల్లో పారలు, కొక్కేలు పట్టుకుని నడుం లోతు నల్లనీళ్లలో దిగేది మనుషులే. మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అలా చనిపోయినవారి కుటుంబాలకిచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. నాలాలోకి వచ్చే ప్రతి టన్ను మన్నూ ఎవరి చేతుల మీదుగానో బయటికి రావాలి. సెల్లార్ దగ్గర ఆపకపోతే ఆ బరువు ఆ చేతుల మీద పడుతుంది.

సెల్లార్ దగ్గర ఆపడం ఎంత కష్టం? ఎకరం స్థలంలో గంటకు రెండు సెంటీమీటర్ల వాన పడితే వచ్చే నీరంతా 80 ఘనపు మీటర్లు. పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు, మీటరు లోతు గుంత తవ్వి నీటిని దాని గుండా పంపితే అది గంటసేపు ఆగుతుంది. ఇసుక మొత్తం, ఒండ్రులో చాలా భాగం అడుక్కి దిగుతుంది. బంకమన్ను ఆగదు, దానికి ఇంకా పెద్ద చెరువే కావాలి. ఆ గుంతకు పట్టే స్థలం ఎకరంలో యాభయ్యోవంతు. నాలుగంతస్తుల లోతు తవ్వుతున్న చోట ఈ గుంత ఖర్చు ఖర్చే కాదు. బోరు దగ్గరైతే ఇంకా సులువు: పొడి పడేచోట గుంత, చుట్టూ ఇసుక బస్తాలు, పని అయ్యాక బండి వెళ్లేముందు ఆ పొడి ఎత్తించే బాధ్యత బోరు యజమానిది.

నిర్మాణ వ్యర్థాలు కాలువలకు అడ్డం పడకూడదని 2016 నాటి కేంద్ర నిబంధనలే చెప్పాయి. రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టు నుంచి నెలకు 300 టన్నులు దాటితే కాంక్రీటు, మన్ను, ఇనుము వేరుచేసి, ముందే ప్రణాళిక ఇవ్వాలన్నాయి. జీడిమెట్లలోనూ ఫతుల్లాగూడలోనూ రోజుకు 500 టన్నుల చొప్పున శుద్ధి చేసే కేంద్రాలు వచ్చాయి. లారీలో వెళ్లే వ్యర్థానికి ఒక దారి ఏర్పడింది. నీటిలో కలిసి వెళ్లే మన్నుకు ఇంకా ఏర్పడలేదు. భవన అనుమతి ఇచ్చేటప్పుడు అగ్నిమాపక ఏర్పాట్లు, పార్కింగ్, ఇంకుడుగుంత చూస్తారు. తవ్వకం మొదలయ్యే ముందు నీరు బయటికి పోయే చోట మన్ను ఆపే గుంత ఉందో లేదో చూడటం అదే తనిఖీలో ఇంకో గడి మాత్రమే.

లెక్క మార్చడం కూడా కష్టం కాదు. నాలా మీద కిలోమీటరుకొక చోట గోడకు గీతల కొలత గీసి, సంక్రాంతికి, మే చివర్న, దసరాకు పొడవాటి కర్రతో పూడిక లోతు చూసి వార్డు కార్యాలయం గోడ మీద రాస్తే చాలు. జులైలో ఒకచోట అకస్మాత్తుగా అడుగు పెరిగితే పైన ఎక్కడో తవ్వకం సాగుతోందని అర్థం. నాలా వెంట పైకి నడిస్తే ఆ స్థలం దొరుకుతుంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో జోన్స్ ఫాల్స్ ఏరు నోటి దగ్గర 2014లో నీటిచక్రంతో తిరిగే చెత్త యంత్రం పెట్టారు. బరువుతో ఆగకుండా సీసాలెన్ని, ఫోమ్ డబ్బాలెన్ని, సిగరెట్ పీకలెన్ని అని రకాల వారీగా లెక్కలు రాశారు. ఏ వస్తువు ఎంత వస్తోందో తేలితేనే దేన్ని నిషేధించాలో, ఎవరితో మాట్లాడాలో తేలుతుంది. హుస్సేన్‌సాగర్‌లో కలిసే నాలుగు నాలాల నోళ్ల దగ్గర ఏడాదిపాటు ఆ పని చేస్తే, కూకట్‌పల్లి నాలాకు కావాల్సిన మందు, బంజారా నాలాకు కావాల్సిన మందు ఒకటి కావని తెలియవచ్చు.

పూడికతీత గుత్తేదారుకు బిల్లు ఘనపు మీటర్ల మీద కాకుండా, సెప్టెంబరు ఆఖరున ఆ గీతల దగ్గర మిగిలిన లోతు మీద చెల్లిస్తే, గట్టు మీద బురద వదిలేయడం అతనికే నష్టం. పైన మన్ను వదులుతున్న స్థలం ఏదో మొదట కనిపెట్టి కార్యాలయానికి చెప్పేది కూడా అతనే అవుతాడు.